భీమిలి వెళ్తున్నారా? కెరటం లేని చోట దిగకండి

కార్తీకం వచ్చిందంటే విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డంతా కార్లు, కాలేజీ బస్సులే. వెనకాలే పేపర్లో ఆ వార్త కూడా వస్తుంది: స్నానానికి దిగి గల్లంతు. 2022 జులైలో పూడిమడక దగ్గర సీతపాలెం తీరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయినప్పుడు రాష్ట్రమంతా అదే మాట్లాడుకుంది. నెల తిరక్కుండా అందరం మర్చిపోయాం. టోపీ, నీళ్ళ బాటిల్ సంగతి మీకు తెలుసు, అవి చెప్పను.

ఊరు చూడదగ్గదే. డచ్చి వాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, పావురాలకొండ మీది బౌద్ధ శిథిలాలు, కొండ మీది నరసింహస్వామి గుడి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిది. వీటితో ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. ప్రమాదమంతా నీళ్ళతోనే.

బయల్దేరే ముందు

వాతావరణ శాఖ హెచ్చరికతో పాటు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల హెచ్చరిక కూడా చూడండి. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని కొట్టిపారేయొద్దు. ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫాను రేపిన కెరటాలు రోజుల తరబడి ప్రయాణించి, ఇక్కడ గాలి లేని రోజున వచ్చి పడతాయి. పోర్టుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే నంబరు ఒకటా మూడా అని చర్చ వద్దు. ఆ రోజు సముద్ర స్నానం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎటూ వేట నిషేధం. ఆ రోజులు కాకుండా పడవలన్నీ ఒడ్డునే ఉంటే ఎందుకున్నాయో అక్కడి జాలర్లని అడగండి.

నీళ్ళ దగ్గర

ఇంతమందిని ముంచుతున్న తప్పు ఒక్కటే. కెరటాలు ఎగిరిపడుతున్న చోటు చూసి భయపడతారు. పక్కనే కెరటం లేకుండా నున్నగా ఉన్న చోటు వెతుక్కుని అక్కడ దిగుతారు. పిల్లల్ని కూడా అక్కడే దింపుతారు.

ఒడ్డుకి కెరటాలు తోసిన నీళ్ళు మళ్ళీ వెనక్కి పోవాలి కదా. అవన్నీ ఇసుకలో కాలువ కోసుకుని ఒకే దారిన సముద్రంలోకి పోతాయి. ఆ కాలువలో లోతు ఎక్కువ కాబట్టి కెరటం అక్కడ విరగదు, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. కాస్త ఎత్తు నుంచి చూస్తే రంగు ముదురుగా ఉంటుంది, నురుగు ఒడ్డుకి రాకుండా బయటికి పోతూ ఉంటుంది. లోపల దిగాక మడమల కింద ఇసుక జారి గుంట పడుతుంటే, పిక్కల్ని వెనక నుంచి నీళ్ళు లాగుతుంటే, ఇంకో ఫోటో అనకుండా బయటికి రండి.

గోస్తని ఏటి మొగ దగ్గర ఇదే తప్పు ఇంకా సులువుగా జరుగుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే ఏరు భీమిలిలోనే సముద్రంలో కలుస్తుంది. మొగలో మోకాలి లోతు నీళ్ళు, కెరటం లేదు, ఎదురుగా ఇసుక మేట. దాటేయొచ్చు అనిపిస్తుంది. నిన్న ఉన్న మేట ఇవాళ ఉండదు. ఆటు మొదలయ్యాక, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, ఏట్లో నిండిన నీళ్ళన్నీ ఆ సన్నటి దారిలోంచే బయటికి పోతాయి. పున్నమికీ అమావాస్యకీ ఆటుపోట్ల తేడా ఎక్కువ, లాగుడూ ఎక్కువే. సరిగ్గా కార్తీక పౌర్ణమి నాడే మనవాళ్ళు స్నానాలకి దిగుతారు. ఒడ్డున చెంబుతో పోసుకుంటే పుణ్యమేం తగ్గదు.

మళ్ళీ చెప్తున్నా: కెరటం లేని చోట దిగొద్దు.

నీళ్ళు లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి. గజ ఈతగాడైనా అలసిపోయేది అక్కడే. వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి అరవండి, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, కెరటాలు విరుగుతున్న చోటి నుంచి ఒడ్డుకి రండి.

స్నేహితుడు కొట్టుకుపోతుంటే వెనకే దూకొద్దు. ఒకరి కోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయేది ఇలాగే. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్, తాడు, ట్యూబు, ఏది దొరికితే అది విసరండి. జాలర్లని పిలవండి. 112కి ఫోన్ చెయ్యండి. మనిషి ఎటు పోతున్నాడో ఒకరు చూపు తిప్పకుండా చూస్తూ ఉండాలి.

చేతులు పట్టుకుని గొలుసుగా లోపలికి వెళ్ళొద్దు. ఒక చెయ్యి జారితే చివరివాళ్ళంతా పోతారు.

తాగి దిగొద్దు.

జాలర్లు ఒడ్డు నుంచి తాళ్ళతో లాగే పెద్ద వల, అలివి వల, లాగుతుంటే మధ్యలో దూరొద్దు. సరదాకి ఒక చెయ్యి వేసినా తాడు చేతికి చుట్టుకోవద్దు, కెరటం వెనక్కి లాగినప్పుడు వేళ్ళు పోతాయి.

పడవ ఒడ్డుకి వస్తుంటే ఎదురుగా నిలబడొద్దు. కెరటం మీదున్న పడవకి బ్రేకు ఉండదు.

వల మీద చెప్పులతో నడవొద్దు. ఆరబెట్టిన చేపలు తొక్కొద్దు. వలలోంచి తీసి పారేసిన టేకు చేపని (స్టింగ్‌రే) ముట్టుకోవద్దు, తోకలో విషపు ముల్లు ఉంటుంది. జెల్లీ చేప చచ్చి పడున్నా సరే, ముట్టుకోవద్దు.

లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. "ఇక్కడిక్కడే తిప్పుతాం" అన్నా ఎక్కొద్దు.

చీకటి పడ్డాక నీళ్ళలో ఎవరూ ఉండకూడదు. బస్సు ఎక్కేముందు తలలు లెక్కపెట్టండి. గుంపుని తీసుకొచ్చిన లెక్చరర్లకి ఇంకొక్క మాట: ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలదు. పిల్లలు ఎక్కడ దిగాలో ముందు మీరు నడిచి చూసి, లైఫ్‌గార్డునో జాలరినో అడిగి చూపించండి. కెరటం లేని చోటు మాత్రం చూపించకండి.