ఐలాండ్ మీది చెక్క పలక వంగిందా, పగిలిందా? ముందు కింద చూడండి

రాయి వద్దనుకుని ఐలాండ్‌కి, అంటే వంటగది మధ్యలో విడిగా ఉండే గట్టుకి, చెక్క పలక వేయించుకున్నాక ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు మూడు: అంచులు లేవడం, చివర్లలో నార (చెక్కలో పొడవునా సాగే గీతలు) వెంట పగలడం, అతుకుల దగ్గర సందులు పడటం. వెంటనే చిత్రిక పట్టిస్తారు, పగుల్లో ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) నింపిస్తారు. దయచేసి రెండూ ఆపండి. సొరుగులు తీసి, టార్చి వేసి పలక అడుగు చూడండి. ఐదు నిమిషాల పని. అది చేయకుండా మంచి పలకని తీసి పారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అంచులు లేచాయి, మధ్య దిగింది

స్టీలు స్కేలు నారకి అడ్డంగా నిలబెడితే మధ్యలో వెలుతురు కనిపిస్తుంది. పైన నాలుగు పూతల నూనె వేసి, అడుగున ఏమీ పూయకుండా వదిలేసి ఉంటారు. డిష్‌వాషర్ ఆవిరి తాగి అడుగు ఉబ్బుతుంది, అంచులు పైకి లేస్తాయి. పలక విప్పి, రీపర్ల (సన్నటి చెక్క బద్దల) మీద పెట్టి, రెండు వైపులా గాలి ఆడేలా రెండు మూడు వారాలు ఆరనివ్వండి. వారం తేడాతో తీసిన తేమ మీటరు రీడింగులు ఒకటే వస్తే ఆరినట్టు. తడిలోనే చిత్రిక పడితే ఆరాక రెండో వైపుకి వంగుతుంది. పైన ఎన్ని పూతలో అడుగునా అన్నే వేయండి. సింకు కోసం కోసిన అంచులకి మరో రెండు, ఎందుకంటే కోసిన నార నీటిని అన్నిటికంటే త్వరగా పీలుస్తుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండగా చుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి.

మధ్య ఉబ్బి అంచులు దిగితే నీళ్లు పైన నిలుస్తున్నాయని అర్థం.

చివర్లలో పగులు, అతుకుల్లో సందు

అందర్నీ మోసం చేసేది ఇదే. చెక్క పొడవునా దాదాపు కదలదు, వెడల్పున కదులుతుంది. 900 మి.మీ. వెడల్పు పలక కాలం మారితే 5 నుంచి 10 మి.మీ. వరకు పెరిగి తగ్గుతుంది. పలకని మోసే కింది పట్టీకి గుండ్రటి బెజ్జాల్లోంచి ముందూ వెనకా స్క్రూ బిగిస్తే, ఎండు కాలంలో కుంచించుకోవడానికి చోటు దొరక్క చెక్క ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది.

ఇది చాలామందికి తెలుసు, అందుకే పొడుగు బెజ్జాలు వేయిస్తారు. అయినా పగులుతుంది. ఒక స్క్రూ విప్పి తల చూడండి. తల కింద ఏటవాలుగా ఉండే, చెక్కలో దిగిపోయే రకమైతే దొంగ దొరికినట్టే: బిగించే కొద్దీ ఆ తల పొడుగు బెజ్జం అంచుల్లో మేకులా కూరుకుని పలకని కదలనివ్వదు. బయటికి అంతా సరిగ్గానే కనిపిస్తుంది. విప్పేటప్పుడు "టక్" మని చప్పుడు వచ్చి పలక జరిగితే ఇంక అనుమానం అక్కర్లేదు.

తల కింద చదునుగా ఉండే 5 మి.మీ. స్క్రూ, వెడల్పాటి వాషర్ తీసుకోండి. బెజ్జం 15 మి.మీ. పొడవుండాలి, నారకి అడ్డంగానే ఉండాలి. నార వెంట కోస్తే ఉన్నా లేనట్టే. పలక మధ్య గీతలో మాత్రం మామూలు గుండ్రటి బెజ్జాలు, అక్కణ్ణుంచి అటూ ఇటూ సమానంగా కదులుతుంది. మిగతా స్క్రూలు పొడుగు బెజ్జానికి నడుమ పెట్టి, బిగించాక పావు చుట్టు వదులు చేయండి. అన్నీ విప్పినా పలక రాకపోతే కింద సిలికాన్ (రబ్బరులా అతుక్కునే జిగురు) పూసి ఉంటారు. సన్నటి రంపపు బ్లేడుతో కోసేయండి, మళ్లీ పూయనివ్వకండి.

సన్నటి పగుళ్లు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. ఎండు కాలంలో ఎపాక్సీ నింపితే మాత్రం, చెక్క ఉబ్బినప్పుడు పక్కనే కొత్త పగులు పుడుతుంది.

సింకు దగ్గర నల్ల మచ్చలు ఇనుము తగిలినవి: గ్లవ్స్ వేసుకుని ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణం పూసి, బాగా కడిగి, ఆరాక ఉప్పు కాగితం పట్టి మళ్లీ నూనె వేయండి. పచ్చి కలప, పురుగు, నేల ఎత్తుపల్లాలు అరుదు, పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించండి.

పని అయ్యాక ప్రతి వాషర్ చుట్టూ పట్టీ మీద పెన్సిల్‌తో గీత గీయండి. కాలం మారాక చూడండి. అంచు వాషర్లు గీత దాటి జరిగి ఉండాలి. జరగనిది ఏదైనా ఉంటే ఆ స్క్రూ ఇంకా పట్టుకునే ఉంది, దాన్ని విప్పండి.