మీటర్‌లో అంతా బాగానే ఉంది, ఫ్యాన్ మాత్రం తిరగడం లేదు

మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఫ్యాన్ ఆగితే ఇంట్లో పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఎలా అల్లాడిపోతారో మనకు తెలుసు. ఆ టెన్షన్‌లో రిపేరు చేసేవాడు తొందరపడితే మంచి పార్టుకు శిక్ష పడుతుంది. నేనూ తొందరపడ్డాను. సత్యనారాయణపురంలో ఒక మామ్మగారి ఫ్యాన్ మూలుగుతోంది, తిరగట్లేదు. మల్టీమీటర్ తీసి, ఫ్యాన్‌ను కదిలించే చిన్న డబ్బా లాంటి పార్టు కెపాసిటర్‌ను ఓమ్స్‌లో, అంటే రెసిస్టెన్స్ కొలిచే రేంజ్‌లో చూశాను. షార్ట్ లేదు, అంటే లోపల రెండు కాళ్లూ కలిసిపోలేదు. "కెపాసిటర్ బాగుంది మామ్మగారూ, వైండింగ్ (మోటారులో చుట్టిన రాగి తీగ) పోయింది" అని ఫ్యాన్ దింపించాను. రివైండింగ్ షాపులో కొత్త కెపాసిటర్ తగిలించగానే అది గిర్రున తిరిగింది. ఆ రోజు నుంచి మీటర్‌లో అంకె కనబడగానే నమ్మడం మానేశాను. ఆ అంకె ఏ పార్టుది, దేన్ని కొలిచిందీ అని చూసుకున్నాకే ముందుకెళ్తాను.

ఫ్యాన్ మూలుగుతుంది, తిరగదు. లేదా నెమ్మదిగా తిరుగుతుంది

ఇంట్లో అన్ని ఫ్యాన్లూ నెమ్మదిగా ఉంటే ముందు మీటర్‌ను ఏసీ వోల్టేజ్ రేంజ్‌లో పెట్టి ప్లగ్ దగ్గర చూడండి. 230 వోల్టులు ఉండాల్సిన చోట 180 వస్తుంటే ఫ్యాన్ తప్పేమీ లేదు. ఒక్క ఫ్యానే నెమ్మదిగా ఉంటే, రెగ్యులేటర్ 5 మీద బాగా తిరిగి మిగతా నంబర్లలో నీరసపడితే, రెగ్యులేటర్ లోపలి కెపాసిటర్లను అనుమానించండి.

స్విచ్ ఆపి రెక్కను చేత్తో తిప్పండి. బిగుసుకుని ఉంటే బేరింగ్ సంగతి, మీటర్‌తో పని లేదు. తేలిగ్గా తిరుగుతూ, కరెంటు ఇచ్చాక కర్రతో ఎటు నెడితే అటే తిరుగుతుంటే, మోటారును మొదట కదిలించే స్టార్టింగ్ వైపు పని చేయడం లేదు. అంటే కెపాసిటర్ అయినా పోయి ఉండాలి, స్టార్టింగ్ వైండింగ్ అయినా తెగి ఉండాలి.

మెయిన్ ఆపండి. కెపాసిటర్ రెండు కాళ్లకూ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు ఆనించి డిశ్చార్జ్ చేయండి, అంటే లోపల నిలిచిన కరెంటును తీసేయండి. వైర్ల నుంచి పూర్తిగా విడదీసి, మీటర్‌లో కెపాసిటెన్స్ రేంజ్ మీద కొలవండి. మన సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా ఉండేది 2.5 మైక్రోఫారడ్. 5 శాతం అటూ ఇటూ, అంటే 2.4 నుంచి 2.6 వరకు వస్తే మంచిదే. 1.5కి దిగిందంటే మార్చేయాలి. ఓమ్స్ రేంజ్ షార్ట్ ఉందో లేదో చెబుతుంది కానీ లోపల సత్తువ ఎంత మిగిలిందో చెప్పదు. మామ్మగారింట్లో నేను చేసిన పొరపాటు అదే. చవక పసుపు రంగు మీటర్లలో చాలావాటికి కెపాసిటెన్స్ రేంజ్ ఉండదు. అప్పుడు మంచిదని తెలిసిన 2.5 తగిలించి చూడటమే మార్గం.

కెపాసిటర్ మంచిదైతేనే వైండింగ్ జోలికి వెళ్లండి. ఫ్యాన్ మోటారు నుంచి వచ్చే మూడు వైర్లనూ జతలుగా ఓమ్స్‌లో కొలిస్తే, రెండు చిన్న రీడింగులు కలిపితే మూడోదానికి దాదాపు సమానం కావాలి. ఒక వైరు మిగతా రెంటితోనూ ఓపెన్ (మధ్యలో తెగినట్టు) చూపిస్తే అప్పుడు రివైండింగ్. వైరుకూ ఫ్యాన్ బాడీకీ మధ్య కిలో ఓమ్‌లలో రీడింగ్ వచ్చినా ఆ ఫ్యాన్ వాడకండి, షాక్ కొడుతుంది.

టీవీ పవర్ బోర్డులో ఫ్యూజ్ వేసిన ప్రతిసారీ పోతోంది

ఇంకో ఫ్యూజ్ వేయొద్దు. ఫ్యూజ్ బదులు వైరు ముక్క అసలే వద్దు. ముందు పెద్ద కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేయండి. అందులో 325 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది. దాని కాళ్లకు పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు తగిలించి, తర్వాత మీటర్‌తో సున్నాకి వచ్చిందని చూసుకోండి.

ఏసీని డీసీగా మార్చే నాలుగు బ్రిడ్జి డయోడ్లను డయోడ్ రేంజ్‌లో చూస్తే ఒకవైపు 0.5 లేదా 0.6 వోల్టు, తిప్పి పెడితే ఓపెన్ రావాలి. రెండు వైపులా సున్నా వస్తే ఆ డయోడ్ షార్ట్. చాలామంది పొరబడేది ఇక్కడ కాదు, డయోడ్ రెండు వైపులా 0.5 చూపించినప్పుడు. చాలాసార్లు డయోడ్ బాగానే ఉంటుంది. పవర్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటి పార్టు మాస్‌ఫెట్ షార్ట్ కావడంతో ప్లస్, మైనస్ కలిసిపోతాయి, తిప్పి పెట్టినప్పుడు పక్క డయోడ్ రీడింగ్ మనకు కనబడుతుంది. అలాంటప్పుడు మాస్‌ఫెట్‌ను సోల్డర్ తీసి బయటకు లాగి మళ్లీ కొలవండి. డయోడ్ సరిగ్గా చూపిస్తే దోషి దొరికినట్టే.

మాస్‌ఫెట్ ఒక్కటి మార్చి కరెంటు ఇవ్వకండి. దాని మూడు కాళ్లలో సోర్స్ అనే కాలికి ఉన్న చిన్న విలువ రెసిస్టర్, గేట్ అనే కాలికి ఉన్న రెసిస్టర్ కూడా తరచూ ఓపెన్ అవుతాయి. మామూలు రెసిస్టర్లతో ఇంత గొడవ లేదు, ఒక కాలు లేపి కొలిస్తే చాలు. అన్నీ అయ్యాక ఆ బల్బునే సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే బోర్డుకు వెళ్లేలా పెట్టి కరెంటు ఇవ్వండి. క్షణం వెలిగి మసకబారితే నిశ్చింత. గట్టిగా వెలుగుతూనే ఉంటే ఇంకా షార్ట్ ఉంది.

రీడింగ్ నిలకడగా ఉండదు

ముందు ప్రోబ్‌లు రెండూ కలపండి. అర ఓమ్ లోపు స్థిరంగా ఉండాలి. ప్రోబ్ వైరు కదిలిస్తే అంకె ఎగిరితే లీడ్లు (ప్రోబ్ వైర్లు) మార్చండి. మీటర్ బ్యాటరీ నీరసపడినా అంకెలు తప్పుతాయి.

మీటర్ సరిగ్గా ఉన్నా రీడింగ్ జారుతుంటే బోర్డు వైపు చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మునిగిన ఇళ్ల నుంచి వచ్చిన బోర్డులు ఇలాగే ఉండేవి. ఏ సంబంధమూ లేని రెండు ట్రాకుల (బోర్డు మీది రాగి గీతల) మధ్య కూడా కిలో ఓమ్‌లు చూపించేవి. పార్టుల కాళ్ల కింద ఎండిన బురద తేమ పీల్చుకుని కరెంటుకు దారి ఇస్తుంది. అలాంటి బోర్డులో ఏ పార్టునూ తేల్చలేం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని బ్రష్‌తో రెండు వైపులా కడిగి, బాగా ఆరనిచ్చి అప్పుడు కొలవండి. ట్రాకుల మధ్య ఓపెన్ వచ్చాకే ఒక్కో పార్టు మొదలుపెట్టండి.