రైల్వేకి సరుకు అమ్మాలంటే: ఐరెప్స్, జెమ్‌లలో బిడ్ వేసే విధానం

విజయనగరంలో నాకో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఇనుప రాకులు, బల్లలు, స్టూళ్లు చేస్తాం. రైల్వేకి సరుకు ఇస్తున్నానని తెలిశాక అందరూ అడిగేది ఒక్కటే, "ఏటి బావా, లోపల ఎవరైనా తెలుసా?" అని. ఎవరూ తెలీదు. టెండరు ఫారం కొనడానికి విశాఖ బండెక్కి ఆఫీసు ముందు పడిగాపులు కాసే రోజులు ఎప్పుడో పోయాయి, ఇప్పుడంతా ఆన్‌లైనే. కాకపోతే రేటు చూసేలోపే, కాగితాల దగ్గరే సగం మంది ఎగిరిపోతారు. నేనూ ఎగిరిపోయాను, ఆ సంగతి కింద చెప్తాను.

రైల్వే కొనుగోళ్లకి రెండు గుమ్మాలున్నాయి. ఒకటి ఐరెప్స్, రైల్వే సొంత టెండర్ల సైటు. కోచ్‌ల విడిభాగాలు, ట్రాక్ సామాను, వర్క్‌షాపులకి కావలసినవి, ఇంకా పెయింటింగ్, సివిల్ పనుల్లాంటివి ఇందులో వస్తాయి. రెండోది జెమ్, 2016లో కేంద్రం పెట్టిన ప్రభుత్వ బజారు. కుర్చీలు, బీరువాలు, కంప్యూటర్లు, క్లీనింగ్ సామాను, అంటే ఏ ఆఫీసుకైనా పనికొచ్చే మామూలు సరుకంతా ఎక్కువగా ఇందులోనే కొంటారు. జెమ్‌లో చేరితే రైల్వే ఒక్కటే కాదు, కేంద్ర ఆఫీసులన్నీ కనిపిస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ టెండర్లకి ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైటు వేరే ఉంది, దాని గురించి ఇక్కడ చెప్పను.

ముందు పేరు సంగతి. పాన్, ఆధార్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా, ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఇచ్చే కాగితం), అన్నిటిలోనూ పేరు ఒకేలా ఉండాలి. మన వైపు ఇది పెద్ద గోల. ఆధార్‌లో అప్పల, నాయుడు విడివిడిగా ఉంటాయి, పాన్‌లో కలిసిపోతాయి, బ్యాంకులో ఇంటిపేరు ముందుకొస్తుంది, జీఎస్టీలో చివరికి పోతుంది. మనకి అది ఒకే మనిషి, కంప్యూటర్‌కి నలుగురు. టెండరు కనపడ్డాక దిద్దుకుందాంలే అంటే అయ్యే పని కాదు, పాన్ దిద్దించడానికే రోజులు పడుతుంది. కాబట్టి రిజిస్ట్రేషన్‌కి ముందే ఇవన్నీ ఒక బల్ల మీద పరిచి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇక ఉద్యమ్. ఇది పూర్తిగా ఉచితం, ప్రభుత్వ సైటులో ఆధార్, పాన్‌లతో మనమే చేసుకోవచ్చు. రాకపోతే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగండి. అచ్చం ప్రభుత్వ సైటులా కనిపిస్తూ రెండు వేలు, మూడు వేలు లాగే ప్రైవేటు సైట్లు బోలెడున్నాయి, జాగ్రత్త. 2025 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర కోట్ల లోపు పెట్టుబడి, పది కోట్ల లోపు టర్నోవరు ఉంటే సూక్ష్మ పరిశ్రమ. మన షెడ్లు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా ఉద్యమ్‌ని ఒక నెట్ సెంటర్‌లో చేయించుకున్నాను. ఆ కుర్రాడు పని వివరం దగ్గర తయారీ అని కాకుండా వ్యాపారం అని నొక్కేశాడు, నేనూ చూసుకోలేదు. మొదటి బిడ్‌లో సూక్ష్మ పరిశ్రమనే కదా అని ధరావతు, అంటే బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్, దాని మినహాయింపు పెట్టుకున్నాను. రేట్లు తెరవకముందు కాగితాలు చూసే టెక్నికల్ దశలోనే తీసేశారు, నా రేటు ఎవరూ చూడను కూడా లేదు. 2012 నుంచి అమల్లో ఉన్న చిన్న పరిశ్రమల కొనుగోలు విధానంలో రాయితీలు తయారుచేసేవాళ్లకీ, సేవలందించేవాళ్లకీ మాత్రమే, కొని అమ్మేవాళ్లకి వర్తించవు. మరో విషయం, కట్టడం పనుల టెండర్లకి కూడా ఈ విధానం వర్తించదు, అక్కడ ధరావతు కట్టాల్సిందే. సర్టిఫికెట్‌లో మీ పని తయారీ అని ఉందో లేదో ఇవాళే తెరిచి చూడండి. లేకపోతే అదే సైటులో పైసా ఖర్చు లేకుండా మార్చుకోవచ్చు.

ఐరెప్స్‌కి డిజిటల్ సంతకం కావాలి. క్లాస్ 3 అడగండి, సైనింగ్, ఎన్‌క్రిప్షన్ రెండూ ఉండాలి, మీ సంస్థ పేరు మీద ఉండాలి. పెన్‌డ్రైవ్ లాంటి చిన్న టోకెన్‌లో ఇస్తారు. దాన్నీ, దాని పాస్‌వర్డునీ ఊళ్లో బిడ్లు వేసిపెట్టే మనిషి దగ్గర వదిలేసి హాయిగా ఉండేవాళ్లని చూశాను, సంతకం చేసిన ఖాళీ చెక్కు పుస్తకం ఇచ్చినట్టే అది. టెండర్లు ఊరికే చూడ్డానికైతే టోకెన్ అక్కర్లేదు, మొబైల్‌కి వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్లొచ్చు. ఒక నెల రోజులు అలా చూస్తూ ఉండండి, మీ సరుకుని ఏ పేరుతో అడుగుతున్నారో, ఏ కొలతలు ఇస్తున్నారో తెలుస్తుంది. మన లైనుకి చాలాకాలం భువనేశ్వర్ హెడ్డాఫీసుగా ఉన్న ఈస్ట్ కోస్ట్‌నీ, విశాఖ హెడ్డాఫీసుగా ప్రకటించిన సౌత్ కోస్ట్‌నీ, రెండు జోన్లనూ వెతకండి. బ్రేకులు, చక్రాలు లాంటి భద్రతకి సంబంధించిన వస్తువులకి మాత్రం లక్నోలోని ఆర్‌డీఎస్‌ఓ (రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ) ఆమోదం ఉన్నవాళ్లకే పెద్ద ఆర్డర్లు వెళ్తాయి, మొదట్లో వాటి జోలికి పోకండి.

బిడ్ నింపేటప్పుడు రేటు దగ్గర ఆగి ఆలోచించండి. వాళ్లు పోల్చేది సరుకు వాళ్ల గుమ్మంలో దిగే ధర. ఒక్కో ఇనుప రాకు మీకు 4,000 పడితే, 18 శాతం జీఎస్టీ 720, వడ్లపూడి వర్క్‌షాపు దాకా వ్యాను ఖర్చు తలా 180 అనుకుంటే మొత్తం 4,900. రవాణా మర్చిపోయి 4,720 అని వేస్తే ఆర్డరు వస్తుంది, నష్టం కూడా వస్తుంది. సరుకు నాలుగు చోట్లకి అడిగితే నాలుగు చోట్లకీ విడివిడిగా లెక్క వేయండి. షరతుల్లో ఏదైనా ఒప్పుకోలేకపోతే దానికంటూ ఇచ్చిన చోట రాయండి, వేరే లెటర్‌హెడ్ మీద రాసి జతచేసి తర్వాత వాదించుకోవాలని చూడొద్దు. ఇంకొకటి, గడువు చివరి గంట దాకా ఆగకండి. ఒకసారి నా గడువు సరిగ్గా మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగ మంగళవారం మధ్యాహ్నం పడింది. ఊరంతా జనం, ఫోన్‌లో నెట్ కదల్లేదు, బండి తీసుకుని ఊరి బయటికి పోదామంటే దారులన్నీ మూసేశారు. ఆ టెన్షన్ మళ్లీ వద్దు బాబూ. ముందురోజే వేసేస్తే గడువు లోపల రేటు మార్చి మళ్లీ పంపుకోవచ్చు, చివరిగా పంపినదాన్నే చూస్తారు.

జెమ్ కొంచెం సులువు. రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు, ఉద్యమ్ నంబరు ఇస్తే వివరాలు అక్కడి నుంచే లాక్కుంటుంది. మీ వస్తువుని కొలతలతో, ఫొటోలతో కేటలాగులో పెట్టాలి. ఆ కొలతలు కొనే ఆఫీసు అడిగినవాటితో అంగుళం తేడా లేకుండా సరిపోవాలి, "సుమారుగా" అన్న మాట అక్కడ చెల్లదు. పది లక్షల లోపు ఆర్డరుకి జెమ్‌కి ఏమీ కట్టక్కర్లేదు, పైన పది కోట్ల దాకా 0.30 శాతం. కొన్ని బిడ్లు తెరిచాక రివర్స్ వేలానికి వెళ్తాయి, అంటే స్క్రీన్ మీద అందరూ రేటు తగ్గించుకుంటూ పోవాలి. ఎక్కడ ఆగాలో ముందే కాగితం మీద రాసుకుని కూర్చోండి. పోటీ ఊపులో 4,900 రాకుని 4,300కి దింపేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు.

అందరికంటే తక్కువ వేసినవాణ్ని ఎల్-1 అంటారు. మనం ఎల్-1 కాకపోయినా దారి ఒకటుంది. పెద్ద కంపెనీ 100 వేసి, సూక్ష్మ పరిశ్రమగా మీరు 112 వేశారనుకోండి. తేడా 15 శాతం లోపలే కాబట్టి, 100కి దిగుతారా అని మిమ్మల్ని అడుగుతారు, సరే అంటే కనీసం 25 శాతం సరుకు మీది. ఉద్యమ్‌లో తయారీ అని ఉండాలని అంతగా చెప్పింది ఇందుకే.

ఆర్డరు వచ్చాక తేదీ దాటనివ్వకండి. జెమ్‌లో వారానికి అర శాతం చొప్పున, పది శాతం దాకా కోత పడుతుంది. సరుకు దింపాక అందుకున్నాయన పోర్టల్‌లో అంగీకార పత్రం ఇవ్వాలి, దానికి పది రోజులు, ఆ తర్వాత డబ్బుకి ఇంకో పది రోజులు, కాగితం మీద రూలు ఇదీ. ఐరెప్స్ ఆర్డరులో సరుకు అందినట్టు రైల్వే ఇచ్చే రిసీట్ నోట్ వచ్చాక బిల్లు ఆన్‌లైన్‌లో పెట్టాలి. డబ్బు లేటైతే మొదట మర్యాదగా ఫోన్ చేయండి, తర్వాత ఉత్తరం రాయండి. 2006 చట్టం ప్రకారం చిన్న పరిశ్రమలకి 45 రోజులు దాటనివ్వకూడదు, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ ఇవ్వాలి. ఇలాంటి బాకీల కోసం కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు, పెట్టేటప్పుడు ఆర్డరు కాపీ, ఇన్‌వాయిస్, సరుకు అందినట్టు సంతకమున్న చలానా మూడూ దగ్గర ఉంచుకోండి. వ్యాను డ్రైవరు ఆ చలానా జేబులో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోతాడు, మావాడు రెండుసార్లు పోగొట్టాడు కూడా, అందుకే ఇప్పుడు సరుకు దిగిన చోటే ఫొటో తీసి వాట్సాప్ చేశాకే బండి కదలాలని చెప్పాను.