ఆషాఢ గాలుల్లో కొండ ఎక్కడం ఎలా?

జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పడమటి గాలి తెరిపి లేకుండా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఈ గాలిని నమ్ముకునే. పెనుకొండ వంటి కొండను వారానికి మూడు నాలుగు సార్లు ఎక్కే అలవాటున్నవారు ఈ మూడు నెలలూ మానుకోనక్కరలేదు గాని, మిగతా రోజుల్లో ఎక్కినట్టే ఎక్కుతామంటే కుదరదు.

మొదట వీధిలోని వేపచెట్టును చూడండి. ఆకులు, చిన్న రెమ్మలు మాత్రమే కదులుతుంటే నిశ్చింతగా బయలుదేరవచ్చు. పెద్ద కొమ్మలు ఊగుతూ, కరెంటు తీగలు ఈల వేస్తుంటే గాలి వేగం గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల మధ్య ఉన్నట్టు లెక్క. ఆ రోజు సగం కొండతో సరిపెట్టుకోవాలి. చెట్టంతా ఊగుతుంటే ఇంట్లోనే ఉండాలి. కొండ కొమ్మును దాటేచోట గాలి ఇరుకున పడి వేగం పుంజుకుంటుంది గనుక, ఊళ్లో ఉన్న గాలిని బట్టి పైన ఎంత ఉంటుందో అంచనా వేయకూడదు. పైగా వేగం రెట్టింపయితే మనల్ని నెట్టే బలం నాలుగింతలవుతుంది.

తెల్లవారుజామున నేల చల్లగా ఉన్నంతసేపు కింద గాలి కాస్త నెమ్మదిస్తుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కితే పైనున్న వేగమైన గాలి కిందికి దిగుతుంది. అందువల్ల వెలుగు రాగానే ఎక్కడం మొదలుపెట్టి, తొమ్మిది గంటలకల్లా దిగిపోవడం మంచిది.

లుంగీ, వదులు చున్నీ, గొడుగు వద్దు. తలకు తువ్వాలు బిగించి కట్టుకోవాలి. సంచిలో పొడి చొక్కా ఒకటి ఉండాలి, ఎందుకంటే చెమటతో తడిసిన ఒంటికి పైన గాలి తగిలితే ఆషాఢంలోనూ వణుకు పుడుతుంది. చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి దాహం తెలియదు. అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి.

అసలు జాగ్రత్త కావలసింది చాటు ముగిసే చోట. కోటగోడ వెనుక నిలబడితే అగ్గిపుల్ల ఆరదు. నాలుగడుగులు వేసి గోడ కూలిన సందులోకి రాగానే భుజం మీది తువ్వాలు ఎగిరిపోతుంది. చాటు దాటకముందే ఆగి, సంచి పట్టీలు బిగించి, చేతులు ఖాళీగా ఉంచుకోవాలి. గాలి విసురు వచ్చినప్పుడు నడక ఆపి, కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, పక్కనున్న బండకు చెయ్యి ఆనించాలి. విసురుకూ విసురుకూ మధ్య దొరికే వ్యవధిలోనే అడుగులు వేయాలి. ఏదైనా ఎగిరిపోతే వదిలేయండి. నా టోపీ కోసం బండ అంచు వైపు రెండడుగులు వేశాక గాని నాకు ఈ బుద్ధి రాలేదు.

దారి తూర్పు వాలు మీద ఉంటే, దిగేటప్పుడు గాలి వీపును తోస్తుంది. అప్పుడు చిన్న అడుగులతో, కాస్త ఏటవాలుగా దిగాలి; నున్నటి బండల మీద సన్నటి ఇసుక గానీ తుంపర తడి గానీ ఉంటే సిగ్గుపడకుండా కూర్చుని జరగాలి. ఉరుము వినిపిస్తే ఎంత ఎత్తులో ఉన్నా వెంటనే వెనక్కి తిరగాలి.

కిందికి వచ్చాక కళ్లు నలపవద్దు. రెప్పల కింద చేరిన ఇసుకను ముందు చల్లటి నీళ్లతో కడుక్కోవాలి.