కన్ను పైకో కిందికో తప్పిందా? ఎంత తప్పిందన్న కొలత నిలవకముందే మెల్లకన్ను ఆపరేషన్‌కి ఒప్పుకోకండి

మొన్న ఒకాయన వచ్చారు. థైరాయిడ్ జబ్బుతో కుడి కన్ను కిందికి లాగేసింది, ప్రతి వస్తువూ ఒకదాని మీద ఒకటి రెండుగా కనిపించేది. కొడుకు పెళ్లి ఫోటోల్లో కళ్లు బాగుండాలని నాలుగో నెలలోనే పట్టుబట్టి ఆపరేషన్ చేయించుకున్నారు. కుడి కన్ను చక్కగానే కుదిరింది. జబ్బు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఎడమ కన్ను కిందికి దిగుతోంది, మళ్లీ అన్నీ రెండేసి. గోడ పట్టుకుని, ఒక కన్ను మూసుకుని మెట్లు దిగుతున్నారు.

మత్తు గురించి, కుట్ల గురించి అందరూ అడుగుతారు. అవి డాక్టర్లు ఎలాగూ చెబుతారు. రోజూ ప్రిజం (వెలుగును వంచే గాజు ముక్క) పట్టుకుని కన్ను ఎంత తప్పిందో కొలిచేదాన్ని కాబట్టి నేను చెప్పేది వేరు: ఎక్కువమందిని ముంచింది కొలత నిలవకముందే పడ్డ తొందర.

కన్ను పక్కకు కాస్త తప్పితే మెదడు చాలావరకు సర్దుకుంటుంది. పైకీ కిందికీ అంత ఓపిక దానికి లేదు. మామూలుగా 2, 3 ప్రిజం డయాప్టర్ల (కన్ను ఎంత తప్పిందో చెప్పే కొలమానం) తేడా దాటితే బొమ్మ రెండుగా విడిపోతుంది. డాక్టరు కండరాన్ని జరిపేది ఆ రోజున్న కొలతను బట్టి. తర్వాత కొలతే మారిపోతే చేసిందంతా వృథా.

థైరాయిడ్ అయితే జబ్బు చల్లబడాలి, ఆపైన దాదాపు 6 నెలలు కొలత కదలకుండా ఉండాలి. తలకు దెబ్బ తగిలి నాలుగో నరం (కన్ను కదిపే నరాల్లో ఒకటి) పడిపోయినవాళ్లూ సాధారణంగా అన్ని నెలలు ఆగాలి, ఎందుకంటే చాలామందిలో అది తనంతట తనే కోలుకుంటుంది. ఈలోపు కళ్లద్దం మీద అతికించే ప్రిజం ఉంది, ఒక కన్ను మూసుకునే ప్యాచ్ ఉంది. చూడ్డానికి బాగోదంటారు. బాగోకపోయినా వాడండి.

థైరాయిడ్‌కి ఒక వరస కూడా ఉంది: కంటి చుట్టూ ఉన్న ఎముకకు ఆపరేషన్ అవసరమైతే ముందు అది, తర్వాత కండరం, చివర రెప్ప. వరస తిరగేస్తే ఒకటి సరిచేసింది ఇంకోటి చెడగొడుతుంది. సిగరెట్ తాగేవాళ్లు మానాలి, ఈ జబ్బుకి పొగ ఆజ్యం.

చిన్నప్పటి ఫోటోలు తీసుకెళ్లండి. బడి గ్రూపు ఫోటోలో అందరి తలలూ నిటారుగా ఉండి మీ తల ఒక్కటే భుజం మీదికి వాలి ఉంటే, ఇది పుట్టుకతో వచ్చిందై ఉండొచ్చు. బొమ్మ ఒకటిగా కనిపించడానికి తెలియకుండానే తల వాలుస్తుంటే, అది మెడ జబ్బనుకుని ఏళ్ల తరబడి మెడకు వైద్యం చేయించుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇక మిగతావి.

కొలిచేటప్పుడు అలవాటుగా తల వంచకండి.

పాత కళ్లద్దాల్లో ప్రిజం ఉంటే చెప్పండి.

కిందికి చూస్తూ కూడా కొలిచారా అని అడగండి. చదవడం, మెట్లు దిగడం అక్కడే.

ఇంతకుముందు కంటి కండరాలకు ఆపరేషన్ అయితే ఆ కాగితం దాచిపెట్టకండి. కంటి ముందు భాగానికి రక్తం చాలావరకు ఆ కండరాల గుండానే వెళ్తుంది. ఒకే కంటికి ఎక్కువ కండరాలు కదిపితే ప్రమాదం.

గుండె జబ్బు ఉంటే మత్తు డాక్టరుకి చెప్పండి. కంటి కండరం లాగినప్పుడు గుండె నెమ్మదించొచ్చు.

రక్తం పలచన చేసే మాత్రలు సొంతంగా ఆపొద్దు.

కింది కండరం జరిపితే కింది రెప్ప కాస్త దిగొచ్చు. ముందే అడగండి, తర్వాత పోట్లాడొద్దు.

ఆపరేషన్‌కి ముందు మళ్లీ కొలిపించండి. కొలత మారితే తేదీ వాయిదా. ముహూర్తం, సెలవులు, డిస్కౌంట్... ఏవీ కారణాలు కావు. కొలత నిలిచిందా లేదా, అంతే.

తర్వాత కన్ను నలపొద్దు. డాక్టరు సరేననేదాకా ఈత వద్దు. రెండుగా కనిపిస్తున్నంతకాలం బండి తీయొద్దు. కొత్త కళ్లద్దాలకు అప్పుడే ఆర్డర్ ఇవ్వొద్దు.

ఎరుపు కొన్ని వారాలుంటుంది, టెన్షన్ పడకండి. నొప్పి పెరిగినా, చూపు తగ్గినా, కన్ను ఒక వైపుకు అసలు తిరగకపోయినా ఆ రోజే వెళ్లండి.

ఉన్నట్టుండి రెండుగా కనిపించడం, దానితో రెప్ప వాలడం, కంటిపాప పెద్దదవడం, తీవ్రమైన తలనొప్పి... ఇది మెల్లకన్ను ఆపరేషన్ సంగతే కాదు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, రేపటి అపాయింట్‌మెంట్ కోసం కూర్చోకండి.