ఇంట్లో పెద్దవాళ్లకి డిమెన్షియా అనుమానం వస్తే ఊళ్లోనే ఎలా మొదలుపెట్టాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో పెద్దవాళ్లే మిగిలారు. పిల్లలు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో పనుల్లో ఉంటారు. ఫోన్లో రెండు నిమిషాల మాటల్లో మతిమరుపు బయటపడదు. పడినా, ముసలితనం కదా, చాదస్తం అనేసి ఊరుకుంటాం. దయచేసి ఊరుకోకండి. మన దేశంలో 60 దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉందని 2023లో వెలువడిన అంచనా.

ముందు గమనించండి. కళ్లజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం వయసుతో వచ్చేదే. ఏళ్ల తరబడి చేస్తున్న పులుసులో చింతపండు రసం పోశారో లేదో తెలియక మళ్లీ పిసకడం, పింఛను తీసుకున్న గంటకే ఇంకా ఇవ్వలేదని గొడవపడటం, రోజూ నడిచే చెరువుగట్టు దారి తప్పడం మాత్రం వేరు. ఇలాంటివి తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. మార్పు ఒకటి రెండు రోజుల్లోనే వచ్చిందంటే ఆగకండి. ఇన్‌ఫెక్షన్, సోడియం లేదా షుగర్ పడిపోవడం, పక్షవాతం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తర్వాత ఆశా కార్యకర్తతో మాట్లాడండి. బీపీ, షుగర్ లాంటి జబ్బుల కోసం ఆమె నింపే సీబ్యాక్ ఫారంలో 60 దాటినవారికి ఒక ప్రశ్న ఉంటుంది: దగ్గరివాళ్ల పేర్లు, సొంత ఇంటి చిరునామా మర్చిపోతున్నారా? తాతనే అడిగితే "నాకేటయ్యింది, బాగానే ఉన్నాను" అంటాడు, 'లేదు' అని పడిపోతుంది. అందుకే ఆ పూట ఇంట్లోవాళ్లు ఒకరు ఉండండి. ఆమెను కాస్త పక్కకి పిలిచి నోటుబుక్కు చూపించండి, ఆయన పరువు పోకుండా. నా లెక్కలో జబ్బు తొందరగా బయటపడటమా, ఏళ్లు ఆలస్యమవడమా అన్నది ఈ ఒక్క గడి దగ్గరే తేలుతుంది.

పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లండి, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా. నిద్రమాత్రలు, కొన్ని జలుబు, అలర్జీ మందులు బుర్రని మందగింపజేస్తాయి. థైరాయిడ్, బీ12, షుగర్, సోడియం, హిమోగ్లోబిన్ పరీక్షల గురించి అడగండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లయితే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) తప్పనిసరి, కిడ్నీ జబ్బు ముదిరినా మనిషి తికమకపడతాడు. చెవుడు, దిగులు కూడా మతిమరుపులా కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఇంకో మాట: ఎన్నడూ క్యాలెండర్ చూడని అవ్వ తేదీ చెప్పలేకపోతే అది జబ్బు కాదు. ఊరి సంత ఏ వారమో అడిగి చూడమని డాక్టరుతో చెప్పండి.

అనుమానం మిగిలితే శ్రీకాకుళం రిమ్స్‌లోనో, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో మానసిక వైద్య విభాగంలో చూపించండి. స్కానింగ్ అవసరమో కాదో వాళ్లే చెబుతారు. నరాల డాక్టరు కావాలంటే విశాఖ కేజీహెచ్. డోనెపెజిల్ లాంటి మందులు కొందరికి కొంతకాలం మేలు చేస్తాయి, జబ్బును ఆపలేవు.

జబ్బు ఖాయమైతే, ఆయనకి తెలివిడి బాగా ఉన్నప్పుడే పొలం, బ్యాంకు విషయాల్లో ఆయన ఇష్టమేమిటో అడగండి. జేబులో ఫోన్ నంబరు రాసిన కార్డు పెట్టండి. తప్పు చెప్పినప్పుడు వాదించకుండా మాట మార్చండి. చాలా ఇళ్లలో ఈ భారమంతా కోడలి మీదే పడుతుంది. వారానికి ఒక పూటైనా కొడుకులు, కూతుళ్లు ఆ పని అందుకోవాలి. ఆమెకి నిద్ర పట్టకపోయినా, ఏడుపొచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఈ రెండు నంబర్లూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.