మ్యాథ్స్ ఒలింపియాడ్ స్కోర్ కాలేజీ సీటుకి ఎక్కడ పనికొస్తుంది, ఎలా వాడుకోవాలి

మన బెజవాడలో, గుంటూరులో ఆరో క్లాస్ నుంచే ఒలింపియాడ్ బ్యాచ్ అని చెప్పి విడిగా ఫీజు కట్టించుకుంటారు, పదో క్లాస్ అయ్యేసరికి ఇంట్లో షోకేస్ నిండా మెడల్సే, ఇంటర్‌లో ఎంపీసీ చేర్చాక అప్పుడు మొదలవుతుంది డౌటు, "ఇన్ని ఉన్నాయి కదండీ, ఐఐటీలో ఏమన్నా కలుస్తాయా" అని. సూటిగా చెప్పేస్తా. ఇండియాలో మార్కు కలవదు, ఏ స్టేజ్ దాకా వెళ్లాడు అన్నదే చూస్తారు, అదీ కొన్ని చోట్లే. అమెరికా అయితే మార్కు కూడా చూస్తారు, కానీ వేరే పరీక్షది.

ముందు చేయాల్సిన పని, మీ పిల్లోడు రాసింది ఏ ఒలింపియాడో సర్టిఫికెట్ తీసి చదవండి. స్కూల్లో ప్రైవేట్ సంస్థలు పెట్టే ఒలింపియాడ్స్‌కి కూడా ఇంటర్నేషనల్ అనే పేరుంటుంది, ఒకదాన్ని ఐఎంఓ అనే పిలుస్తారు, దేశాల టీమ్‌లు పోటీపడే అసలు ఇంటర్నేషనల్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్‌కీ అదే పొట్టి పేరు, దాంతో సగం మంది తల్లిదండ్రులు రెండూ ఒకటే అనుకుంటారు. అసలు ఐఎంఓకి ఇండియా మొత్తం నుంచి ఏడాదికి ఆరుగురే వెళ్తారండీ, 2025లో ఆస్ట్రేలియా వెళ్లిన టీమ్‌కి మూడు గోల్డ్, రెండు సిల్వర్, ఒక బ్రాంజ్ వచ్చాయి. బెంజి సర్కిల్ దగ్గర ఫ్లెక్సీలో ఒకే స్కూల్ నుంచి నలభై మంది ఐఎంఓ ర్యాంకర్లు కనిపిస్తే అది ఏ ఐఎంఓనో మీకే అర్థమవ్వాలి. ఆ పరీక్షలు రాయొద్దని కాదు, చిన్నపిల్లలకి ప్రాక్టీస్‌గా బానే ఉంటాయి, కాలేజీ అడ్మిషన్‌లో మాత్రం వాటిని పట్టించుకోరు.

అసలు ఐఎంఓకి దారి ఇది. మొదట ఐఓక్యూఎం అనే క్వాలిఫయర్ పరీక్ష, సెప్టెంబర్ మొదట్లో ఒక ఆదివారం ఉంటుంది, ఎనిమిదో క్లాస్ నుంచి రాయొచ్చు. అందులో గట్టెక్కితే ఆర్‌ఎంఓ, అంటే రీజినల్ స్టేజ్, ఆ తర్వాత జనవరిలో ఐఎన్‌ఎంఓ, అంటే నేషనల్ స్టేజ్, అందులో మెరిట్ వచ్చినవాళ్లకి ట్రైనింగ్ క్యాంప్, ఆ క్యాంప్ నుంచి ఆ ఆరుగురు. ఐఓక్యూఎం మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు, జవాబు ఎప్పుడూ 00 నుంచి 99 లోపు పూర్ణసంఖ్యే, ఓఎంఆర్‌లో రెండు అంకెలూ బబుల్ చేయాలి, అంటే జవాబు 7 వస్తే 07 అని నింపాలి. నెగటివ్ మార్కులు లేవు. జేఈఈ కోచింగ్ పిల్లలకి డౌటుంటే వదిలేయడం అలవాటు కాబట్టి ఇక్కడ కూడా ఖాళీగా వదిలేసి వస్తారు, అలా వదలొద్దని ముందే చెప్పి పంపండి. ఆర్‌ఎంఓ నుంచి కథ మారిపోతుంది, ఆరు ప్రశ్నలే ఇస్తారు, జవాబు వస్తే సరిపోదు, ప్రూఫ్ మొత్తం రాయాలి, మన దగ్గర కోచింగ్ బాగా తీసుకున్న పిల్లలు కూడా ఎక్కువగా ఆగిపోయేది అక్కడే, ఎందుకంటే ఆప్షన్లు చూసి పట్టేయడం వేరు, తెల్ల కాగితం మీద మొదటి లైన్ నుంచి రాసుకుంటూ రావడం వేరు.

ఇక ఎక్కడ పనికొస్తుందో చూద్దాం. ఏపీ ఈఏపీసెట్‌లో సున్నా, అక్కడ ఎంట్రన్స్‌కి 75 శాతం, ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ, అంతే. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లో కూడా సున్నా, జేఈఈ ర్యాంక్ ఒక్కటే. కానీ ఈమధ్య కొన్ని ఐఐటీలు జోసాతో సంబంధం లేకుండా విడిగా ఒలింపియాడ్ సీట్లు పెట్టాయి. ఐఐటీ కాన్పూర్‌లో మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ లాంటి కొన్ని డిపార్ట్‌మెంట్లలో ఉంది, ఐఐటీ మద్రాస్ స్కోప్ అనే పేరుతో పెట్టింది. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, రూల్స్ ఏడాదికోలా మారొచ్చు కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే కూర్చుని చదవండి, కాలేజీ డీన్ చెప్పాడని వదిలేయకండి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కూడా ఒలింపియాడ్ ఛానల్ ఉంది, క్యాంప్ దాకా వెళ్లినవాళ్లు విడిగా అప్లై చేస్తే ఇంటర్వ్యూ పెడతారు.

నన్నడిగితే లెక్కలంటే నిజంగా ఇష్టమున్న పిల్లలకి ఐఐటీ కంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మంచి చోట్లు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, అంటే ఐఎస్‌ఐలో స్టాటిస్టిక్స్ డిగ్రీ బీస్టాట్ కోల్‌కతాలో, మ్యాథ్స్ డిగ్రీ బీమ్యాథ్ బెంగళూరులో, ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఐఎన్‌ఎంఓలో అవార్డు వచ్చినవాళ్లకి రాతపరీక్ష మినహాయించి నేరుగా ఇంటర్వ్యూకి పిలిచే పద్ధతి ఉంది, అవార్డు అంటే పరీక్ష రాసొస్తే కాదు, మెరిట్ లిస్టులో పేరుండాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది, అవార్డుంది కదా అని అప్లికేషనే పెట్టరు. ఫారం నింపాల్సిందే, ఫీజు కట్టాల్సిందే, ఒలింపియాడ్ వివరం అందులోనే రాయాలి. బీటెక్ కాదా అని చుట్టాలు ముఖం అదోలా పెడతారు, పెట్టనివ్వండి.

అమెరికా సంగతికొస్తే అక్కడ ఏఎంసీ, దాని పై స్టేజ్ ఏఐఎంఈ అని వాళ్ల మ్యాథ్స్ పోటీ పరీక్షలు ఉంటాయి. ఏఎంసీ 12లో 25 ప్రశ్నలు, 75 నిమిషాలు, కరెక్ట్‌కి 6, ఖాళీ వదిలితే 1.5, తప్పుకి సున్నా. అంటే 16 కరెక్టు, 5 ఖాళీ, 4 తప్పు అయితే 103.5, ఆ నాలుగూ కూడా ముట్టకుండా వదిలేసుంటే 109.5, చూశారా, ఐఓక్యూఎంకి పూర్తిగా ఉల్టా, గుడ్డిగా కొడితే నష్టం. స్కోర్ బాగుంటే ఏఐఎంఈకి పిలుస్తారు, 15 ప్రశ్నలు మూడు గంటలు. అమెరికా పౌరసత్వం లేకుండా ఇక్కడ చదివే పిల్లలకి అక్కడితో సరి, దాని పై స్టేజ్ వాళ్ల దేశం పిల్లలకి. ఎంఐటీ అప్లికేషన్‌లో అయితే ఏఎంసీ, ఏఐఎంఈ స్కోర్లు ఉంటే చెప్పమని అడుగుతారు. దీన్ని చూసి మంచి స్కోర్ వస్తే సీటు వచ్చేసినట్టే అనుకోకండి, ఇంటర్ మార్కులు, శాట్ అనే అక్కడి అడ్మిషన్ పరీక్ష, ఎస్సే, లెక్చరర్ ఇచ్చే సిఫారసు లెటర్ అన్నీ కలిపి చూస్తారు, స్కోర్ వల్ల వీడు మా క్లాసులో లెక్కలు తట్టుకుంటాడు అన్న నమ్మకం మాత్రం వస్తుంది.

మిగతా చాలా యూనివర్సిటీలకి కామన్ యాప్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ ఫారంలోనే అప్లై చేస్తారు, అందులో ఆనర్స్ అని, అంటే వచ్చిన అవార్డులు రాయడానికి, ఐదు ఖాళీలుంటాయి, ఒక్కోదానికి వంద అక్షరాలే. ఆ ఐదూ ఆరో క్లాస్ మెడల్స్‌తో నింపేస్తే చూసేవాడికి ఏమీ తెలియదు. "ఇంటర్నేషనల్ ఒలింపియాడ్ గోల్డ్ మెడలిస్ట్" అని గొప్పగా రాసి అది స్కూల్ లెవెల్ మెడల్ అని తేలితే ఇంకా ఘోరం, అబద్ధం కింద లెక్కేస్తారు. అదే "ఐఓక్యూఎం క్వాలిఫై, ఆర్‌ఎంఓ రాశాను, దేశవ్యాప్తంగా జరిగే ఐఎంఓ సెలక్షన్‌లో రెండో స్టేజ్" అని రాస్తే చిన్నగా కనిపించినా బరువుంటుంది. ఆర్‌ఎంఓ అంటే ఏంటో అక్కడివాళ్లందరికీ తెలియాలని లేదు కాబట్టి ఎన్నో స్టేజో రాయడం తప్పనిసరి.

టైమింగ్ కూడా చూసుకోవాలి. సెకండ్ ఇయర్‌లో ఐఎన్‌ఎంఓ దాకా వెళ్తే జేఈఈ మెయిన్ నెత్తి మీదే ఉంటుంది, 2025లో ఐఎన్‌ఎంఓ జనవరి 19న అయితే మెయిన్ 22న మొదలైంది. అందుకే సీరియస్ ప్రయత్నం తొమ్మిది, పది, ఇంటర్ ఫస్ట్ ఇయర్‌లో పెట్టుకోవడం మేలు. ఇంకోటి, హాస్టల్‌లో వేసే ముందే అడగండి, సెప్టెంబర్‌లో ఆ ఆదివారం వీకెండ్ టెస్ట్ మానేసి బయట సెంటర్‌కి వెళ్లడానికి అవుట్‌పాస్ ఇస్తారా అని. అడ్మిషన్ రోజు అన్నిటికీ సరే అంటారు, అందుకే ప్రిన్సిపాల్ చేత కాగితం మీద రాయించుకోండి, రిజిస్ట్రేషన్ కూడా కాలేజీ చేస్తుందని కూర్చోకుండా జూన్, జూలై నుంచే మీరే వెబ్‌సైట్ చూసుకుంటూ ఉండండి.